సుద్దగీత చూపిన దిక్కు

ఆ ఓడ ఒళ్లంతా అబద్ధమే. పేరు అబద్ధం, జెండా అబద్ధం, పొగగొట్టానికి పూసిన రంగు అబద్ధం. చివరికి దాని మీద నడుస్తూ కనిపించిన ఆడమనిషి కూడా అబద్ధమే.

ఆ ఆడమనిషిని మొసద్దర్ కళ్లారా చూశాడు. అతను హెక్సమ్ గ్రేంజ్ అనే ఇంగ్లీషు సరుకు ఓడలో యంత్రాలకు నూనె పోసే పనివాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ పొద్దున డ్యూటీ దిగి, చెమట ఆరబెట్టుకుందామని పైకి వచ్చాడు. పావు మైలు దూరంలో డచ్చి జెండా వేసుకుని ఒక ఓడ పక్కపక్కనే వస్తోంది. డెక్కు మీద తాడుకు తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. పూల గౌను తొడుక్కుని, తలకు రుమాలు కట్టుకున్న ఒకావిడ పసిపిల్లల తోపుడుబండి తోసుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. బొగ్గు వేసే కుర్రాళ్లు నలుగురు కమ్మీలు పట్టుకుని వేలాడుతూ చేతులూపారు. ఆవిడా ఊపింది.

"చూశారా, నాకే ఊపింది!" అన్నాడొకడు.

"నీ మొహానికా? మసి కడుక్కో ముందు," అన్నాడు ఇంకొకడు.

మొసద్దర్ చిన్నాన్న కలందర్ ఉల్లా అప్పుడే పైకి వచ్చాడు. హెక్సమ్ గ్రేంజ్ ఇంజను గదికి ఆయనే సరంగు, అంటే పనివాళ్ల పెద్ద. కింద పనిచేసే నలభై మందినీ సిల్హెట్ జిల్లాలో కుషియారా ఏటి ఒడ్డు ఊళ్ల నుంచి ఏరి తెచ్చుకున్నది ఆయనే. అందరూ ఆయన్ని చాచా అనే పిలిచేవాళ్లు, వరసకు కానివాళ్లు కూడా. ఆయన కళ్లు చిట్లించి ఆ ఓడ వంక కాసేపు చూశాడు.

"ఒరే మొసద్దర్, ఈ ఎండలో పసిబిడ్డని గొడుగైనా లేకుండా తిప్పే తల్లి ఎవత్తిరా?"

"దొరసానులు అంతేనేమో చాచా."

"ఏ దేశం తల్లయినా తల్లేరా. ఆ బండిలో బిడ్డ లేదు. పోయి మాలిమ్ సాబ్‌కి చెప్పు."

మాలిమ్ సాబ్ అంటే దారి లెక్కలు చూసే రెండో మేటు, ప్రింగిల్ అనే స్కాట్లాండు ఆయన. మొసద్దర్ నిచ్చెన సగం ఎక్కాడో లేదో, ఆ డచ్చి ఓడ పక్కన పేర్చిన చెక్కపెట్టెలు గోడ కూలినట్టు కూలాయి. వాటి వెనక ఫిరంగులున్నాయి. డచ్చి జెండా దిగింది, జర్మన్ జెండా ఎక్కింది. పూల గౌను మనిషి గౌను నెత్తి మీంచి లాగి అవతల పారేసి ఫిరంగి దగ్గరికి పరిగెత్తాడు.

మొదటి గుండు వైర్‌లెస్ గదికి తగిలింది. రెండోది ఇంజను గది పైకప్పుకు. అందరూ పైకి పరిగెడుతుంటే కలందర్ ఉల్లా కిందికి పరిగెత్తాడు. ఆవిరి గొట్టం పగిలితే కింద ఉన్న పదకొండు మందీ ఉడికిపోతారు. ఆయన వెళ్లి ఆవిరి కట్టేశాడు. పదకొండు మందీ ప్రాణాలతో పైకి వచ్చారు. ఆయన్ని మాత్రం మొసద్దర్ భుజాన వేసుకుని తేవలసి వచ్చింది. తొడలో అరచెయ్యంత ఇనప ముక్క దిగబడింది.

* * *

హెక్సమ్ గ్రేంజ్‌లో ఉన్న బియ్యం, టీ, పంచదార దించుకుని, మనుషుల్ని ఎక్కించుకుని, జర్మన్లు దాన్ని ముంచేశారు. పట్టుబడినవాళ్లను ఓడ అడుగున ఒక ఇనప గదిలో పెట్టారు. మధ్యన తీగ కంచె. ఇటు సిల్హెట్ వాళ్లు, అటు దొరలు. కిటికీ లేదు. రోజుకొక గంట డెక్కు మీద నడిపించేవాళ్లు. ఆ గంటలోనే ఎండా, గాలీ, ఆకాశమూ.

రెండోరోజు చారు బకెట్టు మోసుకుని ఒక పొడుగాటి తెల్ల కుర్రాడు నిచ్చెన దిగాడు. మోకాళ్లు దగ్గరపెట్టి బకెట్టును పట్టుకుని నడిచే ఆ నడక చూడగానే బొగ్గు కుర్రాళ్లు గుర్తుపట్టేశారు.

"అరె, ఈవిడే! తోపుడుబండి బీబీ!"

ఆ క్షణం నుంచి వాడికి బీబీ అన్న పేరు స్థిరపడిపోయింది. వాడికి అర్థం చెప్పాక వాడు పగలబడి నవ్వాడు. మర్నాడు నిచ్చెన దిగుతూ లేని గౌను చెంగు పట్టుకుని మరీ దిగాడు. శత్రువు మీద కోపం నిలుపుకోవడానికి ఎంత కష్టపడ్డా అలాంటివాడు ఒకడు చాలు, పాడు చేయడానికి.

చారులో పంది మాంసం ఉందని సిల్హెట్ వాళ్లు ముట్టుకోలేదు. ఆ కబురు పైకి వెళ్లింది. సాయంత్రానికి ఒక జర్మన్ ఆఫీసరు దిగి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, ఎండకు కమిలిన మొహం, పలచటి జుట్టు. వచ్చీ రాగానే హిందుస్తానీలో అరిచాడు.

"ఏయ్! మీలో సరంగు ఎవడ్రా?"

నలభై మందీ నోళ్లు తెరిచారు. ఆయన యుద్ధానికి ముందు సరుకు ఓడల్లో కలకత్తాకు పన్నెండేళ్లు తిరిగినవాడు. ఇప్పుడు ఈ ఓడకు దారి చూసే మాలిమ్. ఆయన హిందుస్తానీ అంతా ఖలాసీల దగ్గర నేర్చుకున్నదే. అందులో ఆజ్ఞలూ తిట్లూ తప్ప మూడో రకం మాట లేదు.

కలందర్ ఉల్లా పరుపు మీద నుంచే సలాం చేశాడు. అప్పటికే జర్మన్ డాక్టరు ఇనప ముక్క తీసి, కుట్లు వేసి, చక్కగా కట్టు కట్టాడు.

"నేనే సాబ్. నీకు మా మాటలు నేర్పినవాడెవడో మర్యాద ఒక్కటీ మర్చిపోయాడు. పెద్దవాళ్లని మీరు అనాలి."

"కలకత్తా ఘాట్‌లో నన్నెవడూ మీరు అన్లేదురా, నాకెలా వస్తుంది?" అన్నాడు జర్మన్ మాలిమ్. చాచా నవ్వాడు. మొసద్దర్ నవ్వలేదు.

ఆ పూట నుంచి అన్నం వచ్చింది. "మన ఓడలో దోచిన బియ్యమే మనకు పెడుతున్నారు. దీనికి మళ్లీ షుక్రియా చెప్పాలా?" అని మొసద్దర్ గొణిగాడు.

"ఆకలేసినప్పుడు అన్నం పెట్టినవాడికి చెప్పాల్సిందే. బియ్యం ఎవరిదన్నది వాడూ దేవుడూ తేల్చుకుంటారు," అన్నాడు చాచా, ముద్ద కలుపుతూ.

తిన్నాక ఆయన జర్మన్ మాలిమ్‌ని ఆగమన్నాడు. "సాబ్, ఇంకొక్కటి. మాకు దిక్కు కావాలి."

"దిక్కా? ఎందుకురా?"

"నమాజుకు. ఈ గదిలో సూర్యుడు లేడు. ఓడ గడియకోసారి తిరుగుతోంది. మక్కాలో కాబా ఎటుందో తెలియట్లేదు."

జర్మన్ మాలిమ్ మొహంలో నవ్వు పోయింది. "ఈ ఓడ ఎక్కడుందో మా వంటవాడికి కూడా తెలీదు. అది తెలిస్తే ఇంగ్లీషువాళ్లు మమ్మల్ని ముంచేస్తారు. అది నీకు చెప్పాలా?"

"ఓడ ఎక్కడుంటే నాకెందుకు సాబ్. కాబా ఎటుందో చెప్పు చాలు."

"రెండూ ఒకటేరా ముసలోడా," అని ఆయన వెళ్లిపోయాడు.

గంట తర్వాత మళ్లీ వచ్చాడు. కలందర్ ఉల్లా చేతిలో ఒక సుద్దముక్క పెట్టాడు. గది మధ్యలో నిలబడి, కాసేపు కళ్లు మూసుకుని, చెయ్యి చాచి చూపించాడు. "ఇటు. ఇది నమాజుకు మాత్రమే. కంచె అవతలివాళ్లకి కాదు." మొసద్దర్ ఆ సుద్దతో ఇనప నేల మీద గీత గీశాడు.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం అన్నాల తర్వాత ఆయన వచ్చేవాడు. చెయ్యి చాచేవాడు. వెళ్లేవాడు. సాయంత్రంలోగా ఓడ బాగా తిరిగితే బీబీ చేత కబురు పంపేవాడు.

మొసద్దర్‌కు మాత్రం అనుమానం తీరలేదు. "చాచా, జెండా అబద్ధం చెప్పేవాడు దిక్కు నిజం చెబుతాడా?"

"అబద్ధం చెప్పేవాడైతే అడిగిన వెంటనే చెప్పేవాడురా. అబద్ధానికి గంటసేపు ఆలోచించే పనేముంది?"

* * *

పదోరోజున మొసద్దర్ ఒక సంగతి కనిపెట్టాడు. వాళ్లు నమాజుకు వరసగా నిలబడినప్పుడల్లా ప్రింగిల్ కంచె దగ్గరికి వచ్చి కూర్చుంటున్నాడు. వాళ్లు సజ్దాలోకి వంగినప్పుడు మోకాలి మీద చిన్న కాగితం పెట్టుకుని ఏదో గీస్తున్నాడు.

"ఏంటి సాబ్ అది?" అని మొసద్దర్ కంచె పట్టుకుని అడిగాడు.

ప్రింగిల్ దాచలేదు. డెక్కు మీద నడిచే గంటలో నడినెత్తిన సూర్యుడి నీడ చూస్తే, ఓడ భూమధ్యరేఖకు ఎంత దక్షిణాన ఉందో అందుతుందట. దానికి మక్కా ఏ మూలకుందో తోడైతే ఓడ ఎక్కడుందో పటం మీద వేలు పెట్టి చూపించవచ్చట. "మీరు నలభై మంది నాకు దిక్సూచి ముల్లు లాంటివాళ్లు మొసద్దర్. నన్ను విడిచిపెట్టిన రోజున ఈ ఓడ ఎక్కడెక్కడ తిరుగుతుందో మన నేవీకి చెబుతాను. ఎన్ని ఓడలు బతుకుతాయో ఆలోచించు."

"అది నమాజు సాబ్! నమాజుకనే మాట తీసుకుని చెప్పాడాయన. తెలిస్తే ఆపేస్తాడు!"

"మాట ఇచ్చింది మీరు, నేను కాదు. గీత నా కళ్లముందే ఉంది. కళ్లు మూసుకోమంటావా?"

మొసద్దర్‌కు ఒళ్లు మండిపోయింది. కానీ ఏమంటాడు? దొర చెప్పినదీ నిజమే. ఇంకా ఎన్ని ఓడల్లో ఎందరు సరంగులున్నారో. చాచాకు చెబితే ఆయన కళ్లు మూసుకుని, "ఎవరి పని వాళ్లు చేస్తున్నారు. మన పని మనం చేద్దాం," అని ఊరుకున్నాడు. అప్పటికే ఆయనకు జ్వరం మళ్లీ తగులుకుంది. కట్టు విప్పితే గాయం రంగు మారి ఉంది. డాక్టరు రెండోసారి కోశాడు. కోసినంతసేపూ ఆ డాక్టరు నుదుటి చెమట తుడుచుకుంటూనే ఉన్నాడని బీబీ సైగలతో చెప్పాడు.

పద్నాలుగోరోజున సోదా జరిగింది. ప్రింగిల్ మేజోడులో కాగితం దొరికింది. జర్మన్ మాలిమ్ దాన్ని చేత్తో పట్టుకుని కిందికి వచ్చాడు. కాగితం వంక చూశాడు, నేల మీది గీతల వంక చూశాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు.

"సరంగ్, నేను చెప్పాను కదరా."

"మేం చెప్పలేదు సాబ్," అన్నాడు చాచా పరుపు మీద నుంచి.

"తెలుసు." ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

దిక్కు చెప్పేవాడు లేకపోతే ఏమవుతుందో ఆ రెండు రోజుల్లో తెలిసింది. ఇంజను చప్పుడు ఇటుంది కనక కాబా అటుంటుందని ఒకడు. నిన్నటి గీతే ఖాయమని ఇంకొకడు. నలభై మంది నాలుగు వైపులకు నిలబడి, నమాజు అయ్యాక ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. చాచా పడుకునే నవ్వాడు. "సంతలో దారి తప్పిన మేకల్లా ఉన్నార్రా." ఆ తర్వాత మొసద్దర్‌ని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఒరే, నేను పోయాక మీ చాచీ నిన్ను ఒక్కటే అడుగుతుంది."

"అలా మాట్లాడకు చాచా."

"విను. ఎలా పోయాడని అడగదు. నాకేం చెప్పాడని అడగదు. ఏ వైపు పెట్టి దించారని అడుగుతుంది. వాళ్ల నాన్న పోయిన యుద్ధంలో ఓడ మీదే పోయాడు కదా. ఎవరో గోనెసంచిలో చుట్టి నీళ్లలోకి తోసేశారు. ఏ వైపుకో చెప్పినవాడు లేడు. వాళ్లమ్మ ఇరవై ఏళ్లు అదే తలుచుకుని కుమిలి పోయింది. నా భార్యకు ఆ గతి పట్టకూడదు. నువ్వు దాని కళ్లలోకి చూసి చెప్పగలగాలి. కల్పించి చెప్పావా, పట్టేస్తుంది. పెళ్లయిన పాతికేళ్లలో నేను ఒక్క అబద్ధం నెగ్గించుకోలేదు."

మొసద్దర్ ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. ఎలా నిలబెట్టుకోవాలో అతనికి తెలియదు.

మర్నాడు తెల్లవారేసరికి కలందర్ ఉల్లా పోయాడు. చివరి మాటగా కలిమా పలికేటప్పుడు కూడా ఆయన కళ్లు గీతల నేల మీద దేన్నో వెతికాయి.

* * *

మొసద్దర్ నిచ్చెన మొదట్లో నిలబడి ఇనప తలుపును పిడికిళ్లతో బాదాడు. జర్మన్ మాలిమ్ వచ్చాడు. అప్పటికే కబురు తెలిసినట్టుంది, టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"సాబ్, మిమ్మల్ని దిక్కు అడగను. ఓడ ఎక్కడుందో అడగను. మా చాచాని దించేటప్పుడు ఆయన మొహం కాబా వైపు ఉండాలి. అంతే. మీరే పెట్టండి. మా కళ్లకు గంతలు కట్టినా సరే."

"ఎలా పెట్టాలి?"

మొసద్దర్ జేబులో అగ్గిపెట్టె తీసి, దాని అంచున ఒక పుల్ల అడ్డంగా పెట్టాడు. పెట్టె ఓడ, పుల్ల చాచా. కుడి పక్కకు ఒత్తిగిల్లి పడుకోవాలి. కాళ్లు ముందుగా నీళ్లలోకి పోవాలి. ఎడమ కమ్మీ మీంచి దించితే ఆయన మొహం ఓడ ముక్కు వైపు ఉంటుంది.

జర్మన్ మాలిమ్ అగ్గిపెట్టెను చేతిలోకి తీసుకుని మెల్లగా తిప్పి చూశాడు. "అంటే ఓడ ముక్కు కాబా వైపు తిరగాలి."

"తిరగాలి సాబ్."

"మొత్తం ఓడ."

"మొత్తం ఓడ సాబ్." ఆ మాట అన్నాక, తను ఎంత పెద్దది అడిగాడో మొసద్దర్‌కు తట్టింది. యుద్ధం మధ్యలో ఒక యుద్ధనౌకను, చచ్చిపోయిన ఒక బొగ్గు సరంగు కోసం ఆపి మొహం తిప్పమంటున్నాడు. అయినా చూపు దించలేదు.

రెండు గంటలు గడిచాక ఆయన తిరిగి వచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. పైన కెప్టెన్ దగ్గర ఏం జరిగిందో చెప్పలేదు. "సాయంత్రం అసర్ నమాజు తర్వాత. ఇరవై నిమిషాలు. అందరూ రావచ్చు," అన్నాడు.

కఫనుకు, అంటే శవానికి చుట్టడానికి, గుడ్డ కావాలి. బీబీ పరిగెత్తుకెళ్లి తెల్ల దుప్పట్లు తెచ్చాడు. ఓడ వేషం కోసం తాడు మీద ఆరేసే దొంగ దుప్పట్లు అవి. ఉతికి, మడతపెట్టి ఉన్నాయి. మొసద్దర్ స్నానం చేయించాడు, వాళ్ల భండారీ, అంటే వంటమనిషి, కఫను చుట్టాడు. కాళ్ల దగ్గర ఇనప కడ్డీలు కట్టారు.

అసర్ తర్వాత అందరూ పైకి వెళ్లారు. పొద్దు ఇంకా రెండు జానల ఎత్తున ఉంది. ఓడ నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. నీళ్ల మీద దాని వెనక తెల్లటి దారి వంకర తిరిగింది. ఎండ ఒక చెంప మీంచి ఇంకో చెంప మీదికి జరిగి, ఎడమ వైపు ఆగింది. ఇంజను ఆగిపోయింది. ఇన్నాళ్లుగా చెవుల్లో మోగిన ఆ చప్పుడు ఆగేసరికి ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. కెప్టెన్ పైనుంచి టోపీ తీశాడు. భండారీ ముందు నిలబడి, పోయినవాళ్ల కోసం చదివే జనాజా నమాజు చదివించాడు. నలభై మంది ఒకే వైపు నిలబడ్డారు, ఓడ నిలబడిన వైపే.

జర్మన్ మాలిమ్ మంచి దుస్తులు తొడుక్కుని, శవాన్ని పడుకోబెట్టిన పలక పక్కన అటెన్షన్‌లో నిలబడ్డాడు. దించే ముందు వంగి, మెల్లగా ఒక మాట అన్నాడు.

"సరంగ్ సాబ్, మీ దిక్కు ఇదే."

కలందర్ ఉల్లా కుడి పక్కకు ఒత్తిగిల్లి, ఓడ ముక్కు వైపు చూస్తూ నీళ్లలోకి వెళ్లాడు.

అప్పుడే మొసద్దర్ కళ్లెత్తి చూశాడు. దొరల వరసలో ప్రింగిల్ చెయ్యి చాచి, సూర్యుడి పక్కన పిడికిలి, దాని పక్కన పిడికిలి పెట్టుకుంటూ ఓడ ముక్కు దాకా కొలుస్తున్నాడు. జనాజా దగ్గర! శవం ఇంకా తడిసీ తడవక ముందే! మొసద్దర్‌కు అతని మీద పడి ఆ వేళ్లు విరిచేయాలనిపించింది. భండారీ నడుం పట్టుకుని ఆపాడు.

ఆ సాయంత్రమంతా అతనికి కోపం ఒకవైపు, అనుమానం ఇంకోవైపు. నలభై మంది కళ్లెదుట నిజం దిక్కుకు ఓడ తిప్పితే వాళ్ల రహస్యం బట్టబయలైనట్టే కదా. కెప్టెన్ అందుకు ఒప్పుకుంటాడా? ఎటో ఒకవైపు తిప్పి, ఇదేనని చెప్పమని ఉంటాడు. ఇంత ఓడ వేషమే వేసుకుని బతుకుతుంటే ఇరవై నిమిషాల వేషం ఒక లెక్కా? చాచీ కళ్లలోకి చూసి ఏం చెప్పాలి?

* * *

మర్నాడు పొద్దున్నే జర్మన్లు మళ్లీ ఒక ఓడను పట్టారు. నార్వే దేశపు నూనె ఓడ. గుండు పేలకుండానే లొంగిపోయింది. మధ్యాహ్నానికి దాని మనుషులు కంచె అవతల చేరారు. వాళ్ల మేటూ ప్రింగిలూ తలలు ఆనించుకుని చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ప్రింగిల్ కంచె దగ్గరికి వచ్చాడు.

"మొసద్దర్, ఇలా రా."

"నాకు మీతో పనిలేదు సాబ్."

"నన్ను తర్వాత తిట్టు. ముందు ఇది చూడు." సబ్బు చుట్టిన కాగితం వెనక పెన్సిలుతో ఒక బొమ్మ గీసి ఉంది. "ఈ నార్వే ఆయన నిన్న మధ్యాహ్నం తన ఓడ ఎక్కడుందో సూర్యుణ్ని చూసి సరిగ్గా లెక్క వేసుకున్నాడు. పట్టుకున్నది ఈ తెల్లారి. అంటే నిన్న సాయంత్రం మనం ఎక్కడున్నామో ఇప్పుడు నాకు తెలుసు. అక్కడి నుంచి మక్కా ఏ వైపో కూడా తెలుసు." అతను కాగితం మీద వేలు పెట్టాడు. "నిన్న సూర్యుడి నుంచి ఓడ ముక్కుకు ఆరు పిడికిళ్లు. లెక్క ప్రకారం ఎంతుండాలో తెలుసా?"

మొసద్దర్ కంచె తీగలు గట్టిగా పట్టుకున్నాడు.

"ఆరు. అర పిడికిలి తేడా కూడా లేదు. నీ చాచా సూటిగా అటే చూస్తూ వెళ్లాడు."

మొసద్దర్ నేల మీద కూలబడి ఏడ్చాడు. చాచా పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. ప్రింగిల్ కంచె అవతల తనూ కూర్చున్నాడు. "నా కాగితం మూలాన మీకు రెండు రోజులు దిక్కు లేకుండా పోయింది. ఆయన పోయే ముందు రెండు రోజులు. అందుకే కొలిచాను. ఓడ కోసం కాదు." కాగితం మడిచి తీగల సందులోంచి ఇటు తోశాడు. "ఇంకోటి చెప్పనా? నేను కొలవడం ఆ జర్మన్ చూశాడు. నా చెయ్యి చూసి కూడా ఓడను పక్కకు తిప్పమనలేదు. ఆగినంతసేపూ అలాగే ఆగింది."

మొసద్దర్ ఆ కాగితాన్ని తాయెత్తులా నడుముకు కట్టుకున్నాడు. మనిషి మీద కోపమంతా కృతజ్ఞతగా మారిపోవడానికి ఒక్క సబ్బు కాగితం చాలని అతనికి ఆ రోజే తెలిసింది. నిన్న విరిచేయాలనుకున్న వేళ్లను తీగల సందులోంచి కళ్లకు అద్దుకున్నాడు. ప్రింగిల్ సిగ్గుపడి చెయ్యి లాక్కున్నాడు.

వారం తర్వాత ఖైదీలందరినీ ఆ నార్వే ఓడలోకి ఎక్కించి, ఆఫ్రికా తీరాన ఇటలీవాళ్లకు అప్పగించడానికి పంపేశారు. నిచ్చెన దగ్గర జర్మన్ మాలిమ్ జాబితా చూస్తూ నిలబడ్డాడు. మొసద్దర్ ఆగాడు.

"షుక్రియా సాబ్."

ఆయన తల ఎత్తలేదు. "ఆ గుండు మా ఓడదే."

"తెలుసు సాబ్. రెండూ తెలుసు."

అప్పుడు తల ఎత్తాడు. కళ్లు తడిగా ఉన్నాయి, దుఃఖం వల్లో, సముద్రం గాలి వల్లో. మొసద్దర్ ఆయన పేరు అడిగాడు. హిన్రిక్ ఓల్ట్‌మాన్స్ అని చెప్పాడు. మొసద్దర్ మూడుసార్లు పలికి నేర్చుకున్నాడు.

* * *

ఇటలీవాళ్ల చెరలోంచి ఇంగ్లీషు సైన్యం విడిపించి, కలకత్తా చేర్చి, మొసద్దర్ ఊళ్లో పడవ దిగేసరికి వానాకాలం వచ్చేసింది. పొలాలన్నీ నీళ్లే. జైతూన్ చాచీ గుమ్మంలో పీట వేసి కూర్చోబెట్టింది. ఎండుచేపల పులుసు వేసి అన్నం పెట్టింది. తినేదాకా ఏమీ అడగలేదు. చెయ్యి కడిగాక అడిగింది.

"ఏ వైపు పెట్టి దించారు?"

మొసద్దర్ ఆమె కళ్లలోకి చూశాడు. "కాబా వైపే చాచీ."

ఆమె చాలాసేపు అతని మొహాన్ని వెతికింది. అబద్ధం దొరకలేదు. అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను నడుమునున్న కాగితం విప్పి, పిడికిళ్లు పెట్టి కొలిచిన లెక్కా, ఓడ తిరిగిన తీరూ అన్నీ చెప్పాడు.

"తిప్పింది ఎవరు?"

"వాళ్ల మాలిమే. జర్మన్ ఆయన."

"చంపినవాళ్లేగా?" అంది చాచీ. "చంపి, దిక్కు చూపించారా?"

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి ముందు కూర్చుని ఊరికే కట్టెలు ఎగదోసింది. చీకటి పడే ముందు బయటికి వచ్చి, "మా అమ్మకు అది కూడా దొరకలేదు. ఆయన పేరేంటి?" అంది.

ఆ పేరు ఆమె నోట సరిగ్గా ఎన్నడూ పలకలేదు. హన్‌రీక్ అనేది. గురువారం గురువారం బియ్యప్పిండితో సిన్నీ అనే తీపి చేసి పంచేటప్పుడు భర్త పేరు తర్వాత ఆ పేరు కూడా కలిపి దేవుణ్ని వేడుకుంటూ దువా చేసేది. ఇదెక్కడి చోద్యమని ఇరుగుపొరుగు నవ్వారు. "మీ మొగుళ్లను ఎవరైనా అంత మర్యాదగా సాగనంపితే అప్పుడు నవ్వండి," అని వాళ్ల నోళ్లు మూయించింది.

చలికాలంలో కలకత్తా నుంచి వచ్చిన ఖలాసీ ఒకడు కబురు మోసుకొచ్చాడు. ఆ వేషాల ఓడను ఇంగ్లీషు యుద్ధనౌక ముంచేసిందట. పేపర్లో బొమ్మ కూడా వేశారట. నడిపే ఆఫీసర్లలో ఒక్కడూ మిగల్లేదట. మొసద్దర్ ఆ కబురు చాచీకి చెప్పడానికి రెండు రోజులు తటపటాయించాడు.

విని ఆమె చేతిలోని చేట కింద పెట్టింది.

"వాళ్లకు ఏ దిక్కురా?"

"వాళ్లకంటే?"

"వాళ్ల మతంలో, పోయినవాళ్ల మొహం ఏ వైపు ఉండాలి?"

"తెలీదు చాచీ."

"తెలుసుకో. ఆయన మనది తెలుసుకున్నాడుగా."

మొసద్దర్ సగం రోజు పడవలో, సగం రోజు నడిచి సిల్హెట్ పట్నంలో మిషన్ పాదిరి దగ్గరికి వెళ్లాడు. పాదిరి ముందు నవ్వబోయి, కథంతా విని నవ్వు ఆపుకున్నాడు. తూర్పు అని చెప్పాడు. టీ తాగి వెళ్లమన్నాడు.

మర్నాడు గురువారం. చాచీ సిన్నీ వండి, కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకుని, చాప తెచ్చి పెరట్లో పరిచింది. ఎప్పుడూ పరిచే వైపు కాకుండా తిప్పి పరిచింది. పక్కింటి ముసలావిడ గోడ మీంచి చూసి, "ఓసి జైతూన్, మతి పోయిందా? పడమర అటు!" అని కేకేసింది.

"తెలుసు. ఇది నమాజు కాదు, దువా. దువాకు ఏ దిక్కైనా ఫర్వాలేదు," అంది చాచీ.

ఆమె తూర్పుకు తిరిగి కూర్చుని రెండు చేతులూ చాచింది. ముందు ఆ పేరు పలికింది, తర్వాత భర్త పేరు పలికింది. మొసద్దర్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.